ఏ చుక్క ఎక్కడ: సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు నూనె వేసే లెక్క

అద్దంలా తుడిచి, ఎక్కడా జిడ్డు లేకుండా పొడిగా ఉంచిన ఏఆర్-15 రైఫిల్ ఒకటి, లోపలంతా మసి పట్టి నూనెలో నానుతున్న ఏఆర్-15 ఇంకొకటి. రెండింటితోనూ ఆపకుండా మూడు వందల రౌండ్లు, అంటే తూటాలు, కాలిస్తే, మధ్యలో మొరాయించే అవకాశం మొదటిదానికే ఎక్కువ. చాలామంది దీన్ని నమ్మరు. తళతళలాడే వస్తువే బాగా పనిచేస్తుందని మనసులో నాటుకుపోయింది. పైగా తనిఖీలో లోపల తెల్లగుడ్డ తిప్పి చూసే అలవాటు ప్రపంచంలోని ఎన్నో సైన్యాలకు ఉంది. ఆ గుడ్డకు భయపడి సిపాయి నూనె చుక్క కూడా మిగలకుండా తుడిచేస్తాడు. తనిఖీ కోసం తుడిచిన రైఫిల్ వేరు, కాల్చడానికి సిద్ధం చేసిన రైఫిల్ వేరు. ఈ తేడా తెలియక జరిగిన నష్టం చిన్నది కాదు.

అలాగని నూనె సీసా బోర్లించేయడమూ పరిష్కారం కాదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో తడిగా ఉండాల్సిన చోట్లు కొన్ని, చుక్క కూడా తగలకూడని చోట్లు కొన్ని. ఏది ఏదో తెలియాలంటే రైఫిల్ తనంతట తాను తర్వాతి రౌండును ఎలా ఎక్కించుకుంటుందో ముందు చూడాలి.

శక్తి ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఖర్చవుతుంది

అమెరికాలో యూజీన్ స్టోనర్ 1950లలో రూపొందించిన ఏఆర్-15లో బుల్లెట్ బ్యారెల్‌లో దూసుకుపోతూ ఒక చిన్న రంధ్రాన్ని దాటుతుంది. దాటగానే దాని వెనక ఉన్న వేడి గ్యాస్‌లో కొంత ఆ రంధ్రంలోంచి పైనున్న సన్నటి స్టీలు గొట్టంలోకి మళ్లుతుంది. ఆ గొట్టం గుండా వెనక్కి వచ్చి, బోల్ట్‌ను (తూటా వెనక తలుపులా మూసుకునే ముక్కను) మోసే బోల్ట్ క్యారియర్ నెత్తిన బిగించి ఉన్న గ్యాస్ కీలోంచి క్యారియర్ లోపలికి దిగుతుంది. అక్కడ బోల్ట్ చుట్టూ మూడు సన్నటి గ్యాస్ రింగులుంటాయి. స్కూటర్ ఇంజన్‌లో పిస్టన్ రింగులు చేసే పనే ఇవీ చేస్తాయి. గ్యాస్ పీడనానికి క్యారియర్ వెనక్కి జరుగుతుంది. దాని గాడిలో ఉన్న క్యామ్ పిన్ బోల్ట్‌ను తిప్పి తాళం విడదీస్తుంది. ఆ తర్వాత ఖాళీ కేసు, అంటే తూటా ఇత్తడి తొడుగు, బయటికి ఎగిరిపడుతుంది.

వెనక్కి వెళ్లేటప్పుడు గ్యాస్ బలం దండిగా ఉంటుంది. ముందుకు వచ్చేటప్పుడు మాత్రం బట్ (భుజానికి ఆనించే భాగం) గొట్టంలోని స్ప్రింగే దిక్కు. మ్యాగజైన్‌ (తూటాల పెట్టె) లోంచి రౌండును లాగడం, చాంబర్‌ (పేలేటప్పుడు తూటా కూర్చునే అర) లోకి తోయడం, బోల్ట్‌ను తిప్పి తాళం వేయడం, మూడూ ఆ స్ప్రింగ్ దాచుకున్న శక్తితోనే జరగాలి. రాపిడి పెరిగితే తిరుగు ప్రయాణంలోనే ముందు తెలుస్తుంది: బోల్ట్ పూర్తిగా మూసుకోదు, రెండు మూడు మిల్లీమీటర్ల ముందు ఆగిపోతుంది. ఇదే అమరిక ఉన్న సైనిక రైఫిల్ ఎం16 ఆటోమేటిక్‌లో నిమిషానికి 700 నుంచి 950 రౌండ్ల వేగంతో కాలుస్తుంది. అంటే ఈ రాకపోకలన్నీ సెకనులో పదో వంతు లోపే అయిపోవాలి. అంత తక్కువ వ్యవధిలో లోహానికి లోహం పట్టేస్తే సర్దుకోవడానికి సమయం ఉండదు.

ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ ఆగకుండా తిరుగుతుంది కాబట్టి నూనె పొర మీద తేలుతూ ఉంటుంది. రైఫిల్ క్యారియర్ అలా కాదు. ముందుకొచ్చి ఆగుతుంది, వెనక్కెళ్లి ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ కింద ఉన్న నూనె పొర పిండుకుపోతుంది. అందువల్ల క్యారియర్ జారే పట్టాల మీద అతుక్కుని నిలిచే నూనె కావాలి, అది మళ్లీ మళ్లీ అందుతూ ఉండాలి. మామూలు క్యారియర్ పైన కనిపించే బూడిదరంగు ఫాస్ఫేట్ పూత కంటికి కనిపించని రంధ్రాలతో ఉండి నూనెను పట్టి ఉంచుతుంది. నికెల్ బోరాన్, నైట్రైడ్ లాంటి నున్నటి పూతలున్న క్యారియర్లను తుడవడం తేలిక. నూనె తక్కువైనా కొంత ఓర్చుకుంటాయి. అసలు నూనే అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబితే మాత్రం నమ్మకూడదు.

ఏఆర్-15లో అసలు చిక్కు మరొకటి. చాలా రైఫిళ్లలో గ్యాస్ దారి ఒకవైపు, నూనె కావాల్సిన కదిలే భాగాలు మరోవైపు ఉంటాయి. ఇక్కడ రెండూ ఒక్కచోటే కలుస్తాయి. మసితో నిండిన వేడి గ్యాస్ సూటిగా బోల్ట్ ఉన్న చోటికే వస్తుంది, ఆ వేడికి నూనె కొంత ఆవిరవుతుంది, కొంత కొట్టుకుపోతుంది. పొయ్యి మీద పొంగిన పాలను తడిగా ఉన్నప్పుడు తుడిస్తే ఒక్క గుడ్డతో పోతాయి. ఎండి మాడాక పీచు పెట్టి రుద్దాలి. మసి సంగతీ అంతే. నూనె ఉన్నంతసేపు నల్లటి బురదలా మెత్తగా ఉండి, బోల్ట్ కదలికకు పక్కకు తప్పుకుంటుంది. నూనె ఎండిన చోట పెంకు కడుతుంది. ఈ రైఫిల్‌ను తడిగా నడపాలని అనుభవమున్న ఆర్మరర్లు (ఆయుధాలు బాగుచేసేవాళ్లు) పట్టుబట్టేది ఇందుకే.

చుక్కల లెక్క

మొదట మ్యాగజైన్ తీయాలి. ఆ తర్వాతే చార్జింగ్ హ్యాండిల్ లాగి బోల్ట్‌ను వెనక నిలపాలి. ఈ వరుస తారుమారైతే, చాంబర్‌లోది బయటపడినా మ్యాగజైన్‌లోంచి ఇంకో రౌండు చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. చాంబర్‌ను కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి కూడా చూడాలి. రౌండ్లన్నీ ఆ గదిలోంచి బయట పెట్టేశాకే నూనె సీసా ముట్టుకోవాలి.

వెనక పిన్ నెట్టి రైఫిల్‌ను తెరిచి, క్యారియర్‌ను బయటికి తీసి విప్పాలి. ముందు ఫైరింగ్ పిన్‌ను పట్టి ఉంచే చీల, తర్వాత ఫైరింగ్ పిన్, ఆ తర్వాత క్యామ్ పిన్, చివరికి బోల్ట్ వస్తాయి. మసి తుడిచాకే నూనె వేయాలి. పాత బురద మీద కొత్త నూనె పోయడం కాల్పుల మధ్యలో తప్పనిసరైతే చేయొచ్చు కానీ, బల్ల దగ్గర తీరిగ్గా కూర్చున్నప్పుడు అలా చేయడం బద్ధకమే.

బోల్ట్‌తో మొదలుపెడితే, గ్యాస్ రింగుల మీద ఒక చుక్క వేసి వేలితో చుట్టూ తిప్పాలి. బోల్ట్ ముందు భాగంలో నక్షత్రం కొసల్లా ఉండే ఏడు లగ్‌ల వెనక అంచులకు రెండు చుక్కలు చాలు, తాళం పడే ముఖాలు అవే. బోల్ట్ ముఖం మీదికి, అంటే తూటా అడుగు ఆనే చోటికి, నూనె పాకితే గుడ్డతో తుడిచేయాలి. క్యామ్ పిన్‌కు ఒక చుక్క. చిన్న భాగమే కానీ బోల్ట్ తిరిగే భారమంతా దాని మీదే పడుతుంది. పొడిగా వదిలేస్తే క్యారియర్ గాడినీ, తననూ రెండింటినీ కోసుకుంటుంది.

క్యారియర్‌కు నాలుగు పట్టాలుంటాయి, కింద రెండు, పై పక్కల రెండు. పాత క్యారియర్ అయితే వెతకనక్కర్లేదు, పూత అరిగి మెరుస్తున్న గీతలే దారి చూపిస్తాయి. మెరుపున్న చోటల్లా రాపిడి ఉన్నట్టే. ఒక్కో పట్టాకు ఒక చుక్క వేసి, వేలితో నెడితే అలలా కదిలేంత మందంగా పులమాలి. క్యారియర్ అడుగున హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి) రాసుకుపోయే చోట ఇంకో చుక్క. అమెరికా సైన్యపు మాన్యువళ్లలో దీనికి రెండు కొలతలున్నాయి. కంటికి కనీ కనిపించనంత పల్చటి పొర ఒకటి, వేలితో నెడితే కదిలేంత దండిగా ఉన్న పొర ఇంకొకటి. బోల్ట్, క్యారియర్ భాగాలకు రెండోది కావాలి. రైఫిల్ బయటి భాగాలకు మొదటిది చాలు. ఈ రెంటినీ తారుమారు చేసి, బయట నూనె కారుతూ లోపల పొడిగా ఉంచేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

క్యారియర్ కుడి పక్కన రెండు చిన్న రంధ్రాలుంటాయి. పని ముగిసిన గ్యాస్ వాటిలోంచే బయటికి పోతుంది. క్యారియర్‌ను మళ్లీ బిగించాక ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క వదిలితే అది నేరుగా రింగుల దగ్గరికి దిగుతుంది. ఈ రంధ్రాలు రెండు విధాల మేలు. కాల్పుల మధ్యలో రైఫిల్ మందగించినా విప్పాల్సిన పని ఉండదు. దాన్ని ఖాళీ చేసి, బోల్ట్ మూసి ఉన్నప్పుడు కేసులు బయటపడే కిటికీలోంచే చుక్కలు వదిలి, హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు లాగి వదిలితే సరిపోతుంది. రెండు మూడు వందల రౌండ్లకు ఒకసారి ఇలా చేస్తే సగటు ఏఆర్-15 రోజంతా నడుస్తుంది. సైలెన్సర్ బిగించిన రైఫిల్‌కూ, పొట్టి బ్యారెల్ ఉన్నదానికీ లోపలికి వచ్చే మసి ఎక్కువ కాబట్టి ఇంకా తరచుగా చేయాలి.

మిగిలినవి త్వరగా అయిపోతాయి. చార్జింగ్ హ్యాండిల్ అడుగున గ్యాస్ కీ జారే గాడికి పల్చటి పొర. బట్ గొట్టంలోని బఫర్ స్ప్రింగ్‌ను నూనె రాసుకున్న వేళ్ల మధ్య ఒకసారి లాగితే చాలు, కాల్చినప్పుడల్లా చెవి దగ్గర వచ్చే గరగర శబ్దం కూడా చాలావరకు తగ్గుతుంది. ట్రిగర్, హ్యామర్ తిరిగే పిన్‌ల దగ్గర ఒక్కో చుక్క. అన్నీ కలిపితే పదిహేను చుక్కలు దాటవు. ఒక మిల్లీలీటరుకు ఇరవై నుంచి ముప్ఫై చుక్కలు వస్తాయి కాబట్టి మొత్తం ఒక మిల్లీలీటరు లోపే. కారుతూ ఉండే రైఫిల్ తడి రైఫిల్ కాదు. కారిపోయిన నూనె రాపిడి ఉన్న చోట లేనట్టే.

పొడిగా ఉండాల్సినవి

చాంబర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. రౌండు పేలిన క్షణంలో .223 రెమింగ్టన్‌లో చదరపు అంగుళానికి సుమారు 55 వేల పౌండ్ల దాకా పీడనం పుడుతుంది. ఆ పీడనానికి ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ గోడను గట్టిగా పట్టుకుంటుంది. వెనక్కి వచ్చే తోపులో కొంత భాగాన్ని ఆ పట్టే ఆపుతుంది. చాంబర్‌లో నూనె ఉంటే పట్టు జారి, భారమంతా బోల్ట్ లగ్‌ల మీద పడుతుంది. కాలక్రమంలో లగ్‌లు చిట్లడానికి ఇదొక దారి. రౌండ్లు సులువుగా ఎక్కాలని వాటికే నూనె రాసేవాళ్లు తమ రైఫిల్‌ను తామే విరగ్గొట్టుకుంటున్నారు.

అయితే చరిత్రలో కావాలనే తూటాలకు నూనె పట్టించిన ఆయుధాలున్నాయి. ఆస్ట్రియాలో పుట్టిన ష్వార్ట్స్‌లోజ్ మెషిన్‌గన్‌లో అందుకు ప్రత్యేకంగా ఒక పంపు ఉండేది. జపాన్ టైప్ 11 మెషిన్‌గన్‌దీ అదే పద్ధతి. కేసు మెల్లగా విడిపోవడానికి వ్యవధి ఇవ్వని ఆ యంత్రాంగాల్లో నూనె లేకపోతే కేసు చిరిగిపోయేది. ఆ నూనెకు దుమ్ము అంటుకునేది, అది మరో తంటా. అమెరికా సైన్యం కొత్త సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కోసం పోటీ పెట్టినప్పుడు జాన్ పెడర్సన్ రైఫిల్‌కు మైనం పూసిన తూటాలు కావాల్సి వచ్చాయి. పొడి తూటాలతో నడిచిన జాన్ గారాండ్ రైఫిలే గెలిచి 1936లో ఎం1గా సైన్యంలో చేరింది. నేటి రైఫిల్ ఏదైనా పొడి తూటాను పొడి చాంబర్‌లో కాల్చేలా తయారైందే.

బ్యారెల్ లోపల నిల్వ కోసం పూసిన నూనెను కాల్చే ముందు తీసేయాలి. పొడి గుడ్డపీలికలు రెండు తిప్పితే చాలు. ఫైరింగ్ పిన్‌కూ, అది జారే సొరంగానికీ నూనె వద్దు. అక్కడ చేరిన జిడ్డు మసితో కలిసి గట్టిపడితే పిన్ నెమ్మదిస్తుంది, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్ల) మీద దెబ్బ పల్చబడుతుంది, రౌండు పేలదు. గ్యాస్ గొట్టాన్ని అసలు ముట్టుకోకూడదు, పీడనం దాన్ని తానే ఊడ్చుకుంటుంది. మ్యాగజైన్ లోపల నూనె పోస్తే ధూళి పేరుకుంటుంది, పైగా లోపలికి చొచ్చుకుపోయే రకం నూనె ప్రైమర్‌లోకి దిగితే రౌండు చెడిపోవచ్చు. మ్యాగజైన్‌ను విప్పి పొడి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించడమే దాని సేవ.

ఎస్‌ఎల్‌ఆర్ లెక్క వేరు

తెలుగు నేలపై పోలీసు స్టేషన్లలో, ఆయుధాలు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్ గదుల్లో ఎక్కువ కాలం కనిపించిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. 1962 చైనా యుద్ధం తర్వాత త్రీనాట్‌త్రీ స్థానంలో సైన్యానికి వచ్చి, తర్వాత పోలీసు బలగాలకూ చేరింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన ఈ 7.62 ఎంఎం రైఫిల్‌కు మూలం బెల్జియం వాళ్ల ఫాల్ (ఎఫ్‌ఏఎల్) రైఫిల్.

దీనిలో గ్యాస్ లోపలికి రాదు. బ్యారెల్ పైనున్న సిలిండర్‌లో పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ ఒక్క దెబ్బతో క్యారియర్‌ను వెనక్కి నెట్టి తాను స్ప్రింగ్‌తో మళ్లీ ముందుకు వచ్చేస్తుంది. మసి అంతా ముందు భాగంలోనే ఆగుతుంది కాబట్టి గీత స్పష్టంగా ఉంటుంది: గ్యాస్ ప్లగ్, పిస్టన్, సిలిండర్ శుభ్రంగా, ఎముకలా పొడిగా ఉండాలి. అక్కడ నూనె పోస్తే కాలి, గట్టి పొరలా అంటుకుని పిస్టన్‌ను పట్టేస్తుంది. క్యారియర్ పక్క పట్టాలకూ, బ్రీచ్ బ్లాక్‌ను (ఇందులో బోల్ట్ పని చేసే ముక్కను) ఎత్తి దించే వాలు ముఖాలకూ, దాని వెనక అంచు లాకింగ్ షోల్డర్‌కు (తాళం పడే గట్టుకు) ఆనే చోటికీ, బట్‌లోని రిటర్న్ స్ప్రింగులకూ పల్చగా నూనె. ఏఆర్-15కు కావాల్సినంత తడి దీనికి అక్కర్లేదు.

ఎస్‌ఎల్‌ఆర్‌లో గ్యాస్ రెగ్యులేటర్ ఉంది. మిగులు గ్యాస్‌ను బయటికి వదిలే రంధ్రాన్ని అది ఎంత మూస్తే పిస్టన్‌కు అంత బలం. బురదలో, దుమ్ములో రైఫిల్ మందగిస్తే సిపాయి అక్కడికక్కడే సరిదిద్దుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్నే తప్పుగా వాడితే, పట్టాలు ఎండిపోయి రైఫిల్ ఆగుతున్నా నూనె వేయకుండా రెగ్యులేటర్ బిగిస్తూ పోతారు. అప్పుడు రైఫిల్ నడుస్తుంది, కానీ క్యారియర్ అవసరానికి మించిన వేగంతో వెనక గోడను కొడుతుంది. జబ్బు రాపిడిది, మందు గ్యాస్‌ది. ముందు నూనె, తర్వాతే రెగ్యులేటర్ అన్న వరుస తప్పకూడదు.

ఏకే-47 రకం రైఫిళ్లలో భాగాల మధ్య సందు ఎక్కువ కాబట్టి నిర్లక్ష్యాన్ని ఎక్కువ ఓర్చుకుంటాయి. అయినా వాటి క్యారియర్ పట్టాలకూ, బోల్ట్ లగ్‌లకూ నూనె కావాలి, పిస్టన్ కొన మాత్రం పొడిగా ఉండాలి.

నూనెనా, గ్రీజా, కొబ్బరి నూనా

రెండో ప్రపంచ యుద్ధంలో ఎం1 గారాండ్‌కు ఎదురైన ఇబ్బంది ఈ ప్రశ్నకు మంచి జవాబు. దాని బోల్ట్‌ను తిప్పేది పక్కన జారే ఆపరేటింగ్ రాడ్‌లోని వంపు గాడి. జోరు వానలో కాలుస్తుంటే అక్కడి నూనె కడుక్కుపోయి బోల్ట్ బిగుసుకుపోయేది. నీళ్లకు కరగని గ్రీజు తెచ్చి పూశాకే అది కుదుటపడింది. ఆ గ్రీజు చిన్న డబ్బీలను సిపాయిలు రైఫిల్ బట్‌లోని గుంతలోనే దాచుకునేవారు. ఎక్కువ భారంతో, మెల్లగా, తెరిచి ఉన్న చోట జారే భాగాలకు గ్రీజు నప్పుతుంది. ఎం1లోనూ, దాని వారసుడు ఎం14లోనూ బోల్ట్ లగ్ గాడి, రాడ్ జారే దారి, హ్యామర్ ముఖం అలాంటివే. పిస్టన్ కొన, గ్యాస్ సిలిండర్ అక్కడా పొడే.

ఏఆర్-15 బోల్ట్ లోపల మాత్రం నూనే మేలు. గ్రీజు ఒకచోట ఉండిపోతుంది, మసిని పట్టి ముద్ద కడుతుంది, చలికి చిక్కబడుతుంది. నూనె పాకుతుంది, కొట్టుకుపోయిన చోటికి పక్కనుంచి మళ్లీ చేరుతుంది. గ్రీజు తప్పనిసరిగా వాడాలనుకుంటే ట్రిగర్, హ్యామర్ తాకే ముఖాలకు గోరు అంచంత చాలు.

సైన్యాల్లో ఎక్కువగా నడిచేది సీఎల్‌పీ, అంటే శుభ్రం చేయడం, కందెనగా పనిచేయడం, తుప్పు ఆపడం మూడూ ఒక్క సీసాలో. మూడింటిలో ఏదీ అత్యుత్తమంగా చేయదు, మూడూ సరిపడా చేస్తుంది. సిపాయి సంచిలో మూడు సీసాలకు బదులు ఒకటి పడుతుంది. సీసాను వాడే ముందు బాగా కుదపాలి, కొన్ని రకాల్లో పనిచేసే పదార్థం అడుగున పేరుకుని ఉంటుంది. మంచి సింథటిక్ ఇంజన్ ఆయిల్ కూడా క్యారియర్ మీద చక్కగా పనిచేస్తుంది.

వాడకూడనివి చెప్పాలంటే ముందు డబ్ల్యూడీ-40. 1953లో తేమను తరిమేందుకు తయారు చేసిన మందు అది, దాని పేరులోనే ఆ సంగతి ఉంది. తడిసిన రైఫిల్‌లోంచి నీళ్లు తరిమేందుకు పనికొస్తుంది కానీ, ఆరాక మిగిలే పొర కాల్పుల వేడికీ భారానికీ నిలిచే కందెన కాదు. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన. వేరే దారి లేకపోతే నాలుగు మ్యాగజైన్ల దాకా నడిపిస్తుంది, తర్వాత జారిపోతుంది. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె లాంటివి వద్దే వద్దు. గాలి తగిలి, వేడికి మగ్గి అవి జిగురుగా మారతాయి. వంటింట్లో పాత మూకుడు అంచుకు పట్టే పసుపు జిగురు అదే. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున ఆదిలాబాద్‌లో ఆ సీసా ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఫైరింగ్ పిన్ సొరంగంలోనూ అదే అవుతుంది.

చలి ప్రాంతాల్లో మామూలు నూనె కూడా చిక్కబడుతుంది. అమెరికా సైన్యం ఆర్కిటిక్ చలికి ప్రత్యేకమైన పల్చటి నూనె వాడుతుంది. లద్దాఖ్ లాంటి చోట్ల అంతకంటే మోసం చేసేది తేమ. గడ్డకట్టిన రైఫిల్‌ను వెచ్చటి గదిలోకి తెస్తే చల్లటి గ్లాసుకు పట్టినట్టు నీళ్లు పడతాయి, మళ్లీ బయటికి తీసుకెళితే ఆ నీళ్లు లోపలే మంచుగా మారతాయి.

దుమ్ములో తడి

"ఎడారిలో నూనె వేస్తే ఇసుక అంటుకుంటుంది, పొడిగా ఉంచాలి." ఇది చాలా చోట్ల వినిపించే మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ, ఏఆర్ రకం రైఫిళ్ల విషయంలో తప్పు. ఇసుక ఎలాగూ లోపలికి చేరుతుంది. నూనె ఉంటే అది తేలుతూ పక్కకు జరుగుతుంది, లేకపోతే లోహానికీ లోహానికీ మధ్య నలుగుతుంది. 2007లో అమెరికా సైన్యం మేరీలాండ్‌లోని అబర్డీన్‌లో నాలుగు రకాల రైఫిళ్లను దట్టమైన దుమ్ములో పరీక్షించింది. ఒక్కో రకానికి 60 వేల రౌండ్లు కాల్చారు. ఎం4 (ఎం16కు పొట్టి రూపం) 882 సార్లు, హెచ్‌కే416 233 సార్లు, మార్క్ 16 226 సార్లు, ఎక్స్‌ఎం8 127 సార్లు ఆగాయి. ఆ అంకెలతో ఎం4 పనికిమాలినదని చాలామంది తీర్పిచ్చారు. దుమ్ములో నూనె దండిగా వేస్తే పల్చగా వేసినప్పటికంటే ఆగడం బాగా తగ్గుతుందని అంతకుముందు పరీక్షల్లోనే తేలిన సంగతి మాత్రం అంతగా ప్రచారం కాలేదు. రైఫిల్ పట్టుకునేవాడికి పనికొచ్చేది ఆ రెండో సంగతే.

2003 మార్చి 23న ఇరాక్‌లోని నాసిరియాలో దారితప్పిన అమెరికా 507వ మెయింటెనెన్స్ కంపెనీ దాడిలో చిక్కింది. చాలామంది ఆయుధాలు మొరాయించాయి. ఎడారిలో ఆయుధాలను సరిగా చూసుకోకపోవడం అందుకు కారణం కావచ్చని సైన్యం తన నివేదికలో రాసుకుంది.

వియత్నాంలో ఎం16కు వచ్చిన అపకీర్తి కథ ఇంకా పెద్దది, కానీ దాన్ని నూనెకే అంటగట్టకూడదు. తూటాలో మందు రకం మార్చారు, దానితో మసీ, కాల్చే వేగమూ పెరిగాయి. చాంబర్‌కు క్రోమ్ పూత లేదు. ఈ రైఫిల్‌కు శుభ్రం చేయాల్సిన పనే పెద్దగా లేదన్న ప్రచారం జరిగి, శుభ్రపరిచే సామగ్రి కూడా అందరికీ అందలేదు. 1967లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఈ నిర్వాకాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. తర్వాత క్రోమ్ పూత వచ్చింది, సామగ్రి వచ్చింది. 1968లో సిపాయిలకు రైఫిల్ సంరక్షణ నేర్పడానికి బొమ్మల కథ రూపంలో చిన్న పుస్తకం కూడా సైన్యం పంచింది. యువకుల ప్రాణాలు పోయాక వచ్చిన బుద్ధి అది.

దుమ్ములో పాటించాల్సింది ఇంతే. బయటి భాగాలు పొడిగా తుడవాలి, లోపలి పట్టాలు తడిగా ఉంచాలి, కాల్చనప్పుడు డస్ట్ కవర్ (కేసులు బయటపడే కిటికీ మూత) మూసి, మ్యాగజైన్ బిగించి ఉంచాలి. రోజుకోసారి పాత నూనె తుడిచి కొత్తది వేయాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో దుమ్ము కంటే ఉప్పుగాలి శత్రువు. అక్కడ బయటి లోహానికి పల్చటి నూనె పొర తప్పదు, చేతి చెమట తగిలిన చోటల్లా మర్నాటికి ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. చాలాకాలం నిలబెట్టి ఉంచాల్సి వస్తే బ్యారెల్ మూతి కాస్త కిందికి వాలేలా పెడితే లోపలి నూనె చాంబర్‌లోకి జారదు.

ఆగినప్పుడు కారణం పట్టుకోవడం

బోల్ట్ చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోకపోతే మొదటి అనుమానం ఎండిన పట్టాలూ లగ్‌లూ. మ్యాగజైన్ ఖాళీ అయ్యాక బోల్ట్ వెనక నిలవకపోవడం, ఖాళీ కేసు కిటికీలో నిలువుగా ఇరుక్కోవడం, బోల్ట్ కొత్త రౌండును దాటుకుని ముందుకు వచ్చేయడం, ఈ మూడూ క్యారియర్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదనడానికి గుర్తులు. మ్యాగజైన్‌లో ఒకే ఒక్క రౌండు పెట్టి కాల్చి చూడాలి. బోల్ట్ వెనక నిలిస్తే క్యారియర్ పూర్తిగా వెనక్కి వెళ్తున్నట్టు. నిలవకపోతే పక్క రంధ్రాల్లో రెండు చుక్కలు వేసి మళ్లీ ప్రయత్నించాలి. అప్పుడు నిలిస్తే లోపం నూనెదే.

నూనె వేసినా మారకపోతే మరింత పోయడం దండగ. ఖాళీ కేసు చాంబర్‌లోనే ఉండిపోతుంటే ఎక్స్‌ట్రాక్టర్ (కేసును పట్టి లాగే కొక్కెం) స్ప్రింగ్ బలహీనపడి ఉంటుంది, లేదా చాంబర్‌లో మసి పేరుకుని ఉంటుంది. ప్రైమర్ మీద గుంట పల్చగా పడుతుంటే ఫైరింగ్ పిన్ సొరంగంలో జిడ్డు చేరింది. ఒకే మ్యాగజైన్‌తో ఆగి, మరో దానితో బాగా నడిస్తే తప్పు రైఫిల్‌ది కాదు.

ఇవేవీ కాకపోతే గ్యాస్ కారిపోతున్న చోటు వెతకాలి. బిగించిన క్యారియర్‌లోంచి బోల్ట్‌ను ముందుకు పూర్తిగా లాగి, బోల్ట్ ముఖం కిందికి వచ్చేలా బల్ల మీద నిలబెట్టాలి. క్యారియర్ తన బరువుకే జారి బోల్ట్ మీదికి కూలబడితే గ్యాస్ రింగులు అరిగిపోయినట్టు, మూడూ కలిపి మార్చాలి. రింగులు బాగుంటే పైనున్న గ్యాస్ కీని వేళ్లతో పట్టి కదిపి చూడాలి. దాని రెండు స్క్రూల చుట్టూ లోహాన్ని లోపలికి కొట్టి, అవి తిరక్కుండా పట్టి ఉంచుతారు. ఆ పట్టు వదులైతే కీ కింద సన్నటి మసి గీత కనిపిస్తుంది, ప్రతి రౌండుకూ క్యారియర్‌కు చేరాల్సిన గ్యాస్‌లో కొంత అక్కడే పోతోంది. ఆ స్క్రూలను మార్చి, కొలత ప్రకారం బిగించి, మళ్లీ కొట్టి పట్టించడం ఆర్మరర్ పని.